లేచేదెవరు? లేపేదెవరు?

(కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక ఇంగ్లీషు క్రియ గురించి గంటసేపు మాట్లాడటానికి ఏముంటుందని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. పొద్దున్నే బస్సులు పట్టుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి వచ్చినవాళ్ళున్నారు. కేసులూ కౌన్సెలింగులూ సంఘాల సమావేశాలూ పక్కనబెట్టి నిఘంటువు ముందేసుకుని కూర్చోవడం విలాసంగా కనబడవచ్చు. అందుకని ఈ అంశం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెబుతాను.

ఒక శిక్షణా శిబిరం కోసం ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల పాఠాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆమధ్య మాకు పడింది. అందులో ‘అరౌజ్’ అనే క్రియ మూడు చోట్ల వచ్చింది. మొదటిది, మహిళలను హక్కుల కోసం మేల్కొల్పాలి అన్న చోట. రెండోది, ఏ గుర్తులు కనిపిస్తే ఆ ఇంట్లో హింస జరుగుతోందని మనకు అనుమానం కలగాలి అన్న చోట. మూడోది, ‘ఆమె బట్టలు అతన్ని రెచ్చగొట్టాయి’ అనే వాదనను కోర్టులో ఎలా ఎదుర్కోవాలి అన్న చోట. అనువాదం చేసిన అమ్మాయి అప్పుడే కొత్తగా చేరింది. నిఘంటువులో కంటబడ్డ మాట పట్టుకుని మూడు చోట్లా ‘ఉద్రేకపరచు’ అని రాసేసింది. ‘గ్రామీణ మహిళలను ఉద్రేకపరచడం మన ప్రధాన కర్తవ్యం’ అని పైకి చదివేసరికి గదిలో అందరం పగలబడి నవ్వాం. తనూ నవ్వింది. నవ్వులు ఆగాక అడిగింది: “మేడమ్, ఇంగ్లీషులో మూడింటికీ ఒకటే మాట కదా. మరి వాళ్ళకి నవ్వు రాదా?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మేల్కొలుపుకీ, అనుమానానికీ, కామోద్రేకానికీ ఒకే మాట ఎలా సరిపోయింది? ఆ మూడు వాక్యాల్లోనూ స్త్రీ ఎక్కడెక్కడ ఉంది? ఈ రెండో ప్రశ్నే ఈ రోజు మనకు ముఖ్యం. దాన్ని అందుకోవడానికి మొదటిదాని గురించి కొంచెం చెప్పుకోవాలి.

‘అరౌజ్’కి మూలం ‘రౌజ్’ అనే పాత మాట. అది వేటగాళ్ళ మాట. డేగ రెక్కలు విదిలించుకోవడాన్నీ, పొదలో దాగిన జంతువును అదిలించి బయటికి రప్పించడాన్నీ ఆ మాటతో చెప్పేవారు. దానికి ముందొక అక్షరం చేరి ‘అరౌజ్’ అయింది 16వ శతాబ్దం చివర. నిద్ర లేపడం, కోపం, ఆసక్తి, అనుమానం లాంటివి రేకెత్తించడం, జనాన్ని కార్యాచరణకు కదిలించడం, ఈ అర్థాలన్నీ క్రమంగా దానికి అబ్బాయి. లైంగికార్థం చాలా కాలం తర్వాత వచ్చి చేరింది. కానీ ఇవాళ ఆ మాట వింటే చాలామందికి ముందు స్ఫురించేది అదే.

ఈ అర్థాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదొకటుంది. అది సకర్మక క్రియ. ఒకరు చేస్తారు, ఒకరికి జరుగుతుంది. అంతకుముందు అక్కడ ఏదో నిద్రపోతోంది, ఎవరో వచ్చి తట్టారు, అది లేచింది. వేటలో ఈ లెక్క తేలికే. అదిలించేది మనిషి, లేచేది జంతువు. మనుషుల మధ్యకు వచ్చేసరికి ఎవరు అదిలించారు, ఎవరు లేచారు అన్నది తగువవుతుంది.

తెలుగులో మనకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మన క్రియలు జంటలుగా నడుస్తాయి. లేచు, లేపు. మేలుకొను, మేలుకొలుపు. కదులు, కదిలించు. రేగు, రేపు. రగులు, రగిలించు. రెచ్చిపోవు, రెచ్చగొట్టు. ప్రతి జంటలోనూ మొదటిది తనంత తాను జరిగేది, రెండోది ఇంకొకరు జరిపించేది. కాబట్టి తెలుగులో రాసే మనిషి ప్రతిసారీ ఎంచుకోవాల్సి వస్తుంది. ఆమె లేచిందా, ఎవరైనా లేపారా? అతను రెచ్చిపోయాడా, ఆమె రెచ్చగొట్టిందా? ఈ ఎంపికను మనం ఎంత అలవాటుగా, ఎంత ఆలోచించకుండా చేస్తామో చూపించాలనే నా ప్రయత్నం.

మన కౌన్సెలింగ్ గదినే తీసుకోండి. భార్యను కొట్టిన మగవాడు వచ్చి కూర్చుంటాడు. ఎందుకు కొట్టావు అంటే, “కోపం వచ్చిందండీ” అంటాడు. మన భాషలో కోపం చేసేది కాదు, వచ్చేది. జ్వరం వచ్చినట్టు, వాన వచ్చినట్టు. ఆ వాక్యంలో కర్త స్థానంలో కోపం కూర్చుని ఉంటుంది, అతను ‘నాకు’ అనే మూలకు ఒదిగిపోతాడు. ఇంకాస్త గుచ్చి అడిగితే, “తనే కోపం తెప్పిస్తుంది మేడమ్, కావాలంటే అడగండి” అంటాడు. చూశారా, ‘వచ్చింది’ కాస్తా ‘తెప్పించింది’ అయింది. రెండే రెండు వాక్యాల్లో కొట్టిన మనిషి బాధితుడు అయిపోయాడు, దెబ్బలు తిన్న మనిషి కర్త అయింది. అక్కడితో ఆగదు. అతను వెళ్ళిపోయాక ఆమె కూడా తలవంచుకుని, “నేనే నోరు జారి రెచ్చగొట్టానేమో అక్కా” అంటుంది.

ఇక్కడ ఒక సూటి ప్రశ్న నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. “నీ పైఅధికారి నలుగురిలో తిట్టినప్పుడు నీకు కోపం వస్తుందా?” రాకేం, వస్తుందంటాడు. “మరి ఆయన్ని కొడతావా?” కొట్టడు. అంటే రావడం కోపం పని, కొట్టడం అతని పని. కోపానికి చేతులు లేవు. ఎవరి మీద చెయ్యెత్తితే చెల్లుతుందో లెక్క చూసుకున్నాకే ఆ చెయ్యి లేస్తుంది. ఆ లెక్క పేరే పితృస్వామ్యం.

చట్టంలోనూ ఈ క్రియ చాలా కాలంగా ఉంది. హత్యా నేరానికి ఇచ్చిన మినహాయింపుల్లో మొదటిది ‘తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం’. భారత శిక్షాస్మృతి 300వ సెక్షన్‌లో ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్‌కి మారింది. నానావతి కేసు మీకు తెలుసు. 1959లో ఆ నౌకాదళ అధికారి భార్య స్నేహితుణ్ణి కాల్చి చంపితే, జ్యూరీ 8 మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా నిర్దోషి అంది. హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు కూడా రెచ్చగొట్టడం అనే వాదనను ఒప్పుకోలేదు. భార్య చెప్పిన మాటకీ తుపాకీ పేలడానికీ మధ్య దాదాపు మూడు గంటలు గడిచాయి, చల్లబడటానికి అది చాలు అంది. అంటే ఆ మినహాయింపు దొరకాలంటే కోపం పేలినట్టుగా రావాలి. సమాన బలం ఉన్నవాళ్ళ మధ్య, ఎదురు తిరగగలిగినవాళ్ళకు వచ్చే కోపం అది.

ఆడవాళ్ళ కోపం అలా వస్తుందా? ఇంగ్లండ్‌లో కిరణ్‌జిత్ అహ్లూవాలియా కేసు చూడండి. పదేళ్ళు భర్త పెట్టిన హింస భరించి, 1989లో ఒక రాత్రి అతను నిద్రపోతుండగా నిప్పంటించింది. అతను చనిపోయాడు. ‘ఆకస్మికంగా అదుపు తప్పడం’ అనే కొలతకు ఆమె కోపం సరిపోలేదు. అది నిమిషంలో పేలింది కాదు, పదేళ్ళు కుంపట్లో నిప్పులా రగిలింది. యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంస్థ ఆమె కోసం పోరాడింది. 1992లో అప్పీలు కోర్టు ఆమె మానసిక స్థితి ఆధారంగా పునర్విచారణకు ఆదేశించింది, ఆ ఏడాదే ఆమె విడుదలైంది. రెచ్చగొట్టడం అనే వాదన మాత్రం అప్పీలులోనూ నెగ్గలేదు. తర్వాత 2009లో చేసిన చట్టంతో ఇంగ్లండ్ ఆ పాత మినహాయింపునే తీసేసింది. దాని స్థానంలో వచ్చిన కొత్త నిబంధనలో కోపం ఆకస్మికంగానే రావాలన్న షరతు లేదు. అందులోనే, భార్య ఇంకొకరితో సంబంధం పెట్టుకుందన్నదాన్ని రెచ్చగొట్టడం కింద లెక్కించకూడదని రాశారు.

ఇక బట్టల సంగతి. 2022 ఆగస్టులో కేరళలోని కోళికోడ్ సెషన్స్ కోర్టు ఒక లైంగిక వేధింపు కేసులో ముందస్తు బెయిలు ఇస్తూ, ఫిర్యాదు చేసిన స్త్రీ లైంగికంగా రెచ్చగొట్టే దుస్తులు వేసుకుంది గనుక ఆ నేరం ప్రాథమికంగా వర్తించదని రాసింది. అదే ఏడాది అక్టోబరులో కేరళ హైకోర్టు ఆ వ్యాఖ్యల్ని తొలగించింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన, జెండర్ మూస భావాలను ఎదుర్కొనే చేతిపుస్తకం కూడా బట్టల్ని బట్టి స్త్రీ ఉద్దేశాన్ని ఊహించడం తప్పని చెప్పింది. సంతోషమే. అయినా ఆ వాక్యం ఎలా తయారైందో చూడటం మనకు అవసరం. ‘రెచ్చగొట్టే దుస్తులు’. బట్ట కర్త అయింది! బీరువాలో మడతపెట్టి ఉన్నప్పుడు ఏమీ చెయ్యని బట్ట, ఆడదాని ఒంటి మీదకి రాగానే క్రియలు మొదలుపెడుతుంది. చెయ్యి వేసిన మనిషి మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా లేడు.

ఇంతవరకూ బయటివాళ్ళ మాటలు. బాధితురాలి శరీరం గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం సాధారణంగా దీన్ని దాటేస్తాం. ఇంగ్లీషులో శరీరశాస్త్రం చదివినవాళ్ళు ‘అరౌజల్’ అంటే శరీరం అప్రమత్తం కావడం, స్పందించడం అనే అర్థంలో వాడతారు. గుండె వేగం పెరగడం దగ్గర నుంచి జననాంగాల స్పందన దాకా అన్నీ అందులోకి వస్తాయి. ఇవి ఇష్టాన్ని అడిగి జరిగేవి కావు. చక్కిలిగింత పెడితే ఏడుస్తున్న మనిషికి కూడా నవ్వు వస్తుంది, దానర్థం ఆ మనిషి సంతోషంగా ఉందని కాదు. లైంగిక దాడి జరిగినప్పుడు కొందరి శరీరం అలా స్పందించవచ్చు. ఆ సంగతి వాళ్ళు ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పరు. నాతో ఒకామె, దాడి జరిగిన చాలా కాలానికి, అటు తిరిగి కూర్చుని చెప్పింది. “నా ఒళ్ళే నాకు ద్రోహం చేసిందక్కా, ఇంక నేనేం కేసు పెడతాను?” అంది. తెలుగులో ఈ విషయం చెప్పడానికి ఆమెకు మర్యాదైన మాట ఒక్కటి కూడా దొరకలేదు. ఉన్న మాటలన్నీ బూతులో, కావ్యాల్లోవో.

ఆమెకు మనం స్పష్టంగా చెప్పగలగాలి. ఒళ్ళు స్పందించడం వేరు, మనిషి ఒప్పుకోవడం వేరు. 2013 సవరణ తర్వాత చట్టంలో సమ్మతి అంటే ఏమిటో రాసి ఉంది. మాటతోనో, సైగతోనో, మరో విధంగానో, ఆ ఫలానా చర్యకు సిద్ధమని సందేహానికి తావులేకుండా, స్వచ్ఛందంగా తెలియజేయడం. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతించినట్టు భావించకూడదని కూడా అక్కడే ఉంది. న్యాయ సంహితలో ఇది 63వ సెక్షన్. సమ్మతి తెలపడం అనే క్రియకు కర్త స్త్రీయే. ఆమె శరీరం ఆమెకు బదులు సంతకం పెట్టలేదు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. ఇంతవరకూ స్త్రీని లేని పనికి కర్తను చేయడం చూశాం. మన నివేదికల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ‘ఈ ఏడాది 12 గ్రామాల్లో మహిళలను చైతన్యపరిచాం’, ‘నిద్రాణంగా ఉన్న స్త్రీ శక్తిని మేల్కొలిపాం’. నేనూ రాశాను ఇలాంటివి, బోలెడు. ఒకసారి ఒక ఊళ్ళో సంఘం సమావేశంలో అలాంటి నివేదిక చదివి వినిపిస్తుంటే, వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ అడ్డుపడింది. “మేం ఎప్పుడు పడుకున్నామమ్మా నువ్వు లేపడానికి? తెల్లారుజామున మూడింటికి లేచి కూలికి పోతన్నాం.” అందరూ నవ్వారు, నేను సిగ్గుపడ్డాను. ఆవిడ పరాచికానికే అని ఉండవచ్చు. ఆ వాక్యంలో నేను కర్తను, ఆవిడ కర్మ అన్న సంగతి మాత్రం ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది.

దూబగుంటనే గుర్తు చేసుకోండి. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్న రోజులు. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది, సారా వల్ల కూలిన సంసారం కథ. ఆ పాఠం చదివాక ఊరి ఆడవాళ్ళు చర్చించుకుని, కదిలి సారా కొట్టు మూయించారు. తర్వాత వాళ్ళ కథే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా మిగతా ఊళ్ళకు వెళ్ళింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లా అంతా అంటుకుంది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధమూ వచ్చింది, 1997లో అది సడలిపోయింది.

ఆ ఉద్యమాన్ని ఎవరు మేల్కొలిపారు? అక్షరాస్యత కార్యక్రమమే మేల్కొలిపిందని కొందరన్నారు, మా పార్టీ అని కొందరన్నారు. గిట్టనివాళ్ళు ఎవరో వెనకుండి రెచ్చగొడుతున్నారన్నారు. గమనించండి. పొగిడేవాళ్ళ మాట ‘మేల్కొలిపారు’, తిట్టేవాళ్ళ మాట ‘రెచ్చగొట్టారు’. రెండింటి వ్యాకరణం ఒకటే. ఆడవాళ్ళు తమంత తాము లేస్తారని ఇద్దరికీ నమ్మకం లేదు. పాఠం చేసిన మేలు నేను కాదనను. ఆ వాచకం రాసినవాళ్ళకీ, రాత్రిళ్ళు దీపం పెట్టుకుని చదువు చెప్పిన కార్యకర్తలకీ దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. కానీ సారా సంగతి ఆ ఆడవాళ్ళకు పాఠం చెబితే తెలిసింది కాదు. ప్రతి సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికొచ్చే మనిషి రూపంలో వాళ్ళకది తెలుసు. పాఠం వాళ్ళను ఒక చోట కూర్చోబెట్టింది. లేచింది వాళ్ళు.

‘మేలుకొలుపు’ అనే మాటకి మన ఇళ్ళలో ఇంకో చరిత్ర కూడా ఉంది. తెల్లారుజామున దేవుణ్ణి లేపే పాటలు అవి. ఇంట్లో అందరికంటే ముందు లేచి, పాడుతూ పనిచేసుకుంటూ, దేవుణ్ణీ మగణ్ణీ పిల్లల్నీ లేపేది ఆడదే. ఆమెను లేపేవారు లేరు, ఆమెకు పడుకునే వీలే లేదు గనుక. ఆడవాళ్ళ పాటల్లో బాగా నిద్రపోయిన స్త్రీ ఒకామె ఉంది, ఊర్మిళ. ‘ఊర్మిళాదేవి నిద్ర’ మనలో కొందరు అమ్మమ్మల నోట విన్నదే. లక్ష్మణుడు అడవికి పోతే ఆమె 14 ఏళ్ళు నిద్రపోతుంది. అతను తిరిగొచ్చి, పక్క మీద కూర్చుని లేపుతాడు. కథల్లో మామూలుగా ఏమవుతుంది? నాయిక కళ్ళు తెరిచి నాయకుణ్ణి చూసి మురిసిపోతుంది. ఈ పాటలో అలా జరగదు. ఆమె అతన్ని గుర్తుపట్టదు. పరాయివాడెవడో తన గదిలోకి వచ్చాడనుకుంటుంది. నువ్వెవరని నిలదీస్తుంది. మా తండ్రికి తెలిస్తే శిక్ష తప్పదంటుంది, పరస్త్రీని కోరి చెడ్డవాళ్ళ సంగతి గుర్తు చేస్తుంది. అతను తానెవరో చెప్పుకుని, నమ్మించాల్సి వస్తుంది.

ఆ పాట చివరికి సంసారంలోనే సుఖాంతమవుతుంది, అందులో స్త్రీవాదం వెతకమని నేననను. కానీ ‘అరౌజ్’ అనే ఇంగ్లీషు మాటలోని రెండర్థాలు, నిద్ర లేపడమూ కోరికతో తాకడమూ, ఒకే చోట కలిసిన ఘట్టం అది. అక్కడ మన ఆడవాళ్ళు ఊర్మిళ నోట ముందు పెట్టింది ఒక ప్రశ్న. నన్ను లేపుతున్న నువ్వెవరు? నాకది చాలా విలువైన ప్రశ్న. భర్త అయినా, ప్రభుత్వం అయినా, పార్టీ అయినా, నాలాంటి డాక్టరేట్ ఉన్న పరిశోధకురాలు అయినా, లేపడానికి వచ్చినవాళ్ళు ముందు దానికి జవాబు చెప్పుకోవాలి.

అందుకని నేను కోరేది చిన్న పని. ఒక నివేదిక రాసేటప్పుడు గానీ, ఫిర్యాదు కాగితం చూసేటప్పుడు గానీ, తీర్పు చదివేటప్పుడు గానీ క్రియ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఈ వాక్యంలో పని చేసినట్టు ఎవరిని చూపించారు? నిజంగా ఆ పని చేసింది ఎవరు? ఈ రెండూ ఒకటి కాకపోతే, దానివల్ల ఎవరి నేరం తగ్గింది, ఎవరి గొప్ప పెరిగింది? ‘ఆమె రెచ్చగొట్టింది’ అని రాసి ఉంటే, అతను ఏం చేశాడో ఆ పని పేరుతో రాయించండి: కొట్టాడు, చెయ్యి పట్టి లాగాడు. ‘మహిళలను చైతన్యపరిచాం’ అని మీరే రాసి ఉంటే, ఎవరు ఏం చేశారో రాయండి: ఫలానా ఊళ్ళో ఆడవాళ్ళు ఆరు వారాలు కూర్చుని మాట్లాడుకున్నారు, తహసీల్దారు దగ్గరకు వెళ్ళారు, మేం దరఖాస్తు రాసిపెట్టాం. మన పని చిన్నదిగా కనబడుతుందని భయపడకండి. దరఖాస్తు రాసిపెట్టడం నిజమైన పని.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే. వాళ్ళకి నవ్వు రాకపోవచ్చు, వాళ్ళ క్రియలో లేచేదీ లేపేదీ విడివిడిగా వినబడవు గనుక. మనకు వినబడతాయి. విన్నాక కూడా పట్టించుకోకపోతే తప్పు మనదే.

మీ సంఘాల కిందటి ఏడాది నివేదికలు తెచ్చుకోమన్నాం కదా. భోజనాల తర్వాత నలుగురేసి కూర్చుని వాటిలో ‘మేల్కొలిపాం’, ‘చైతన్యపరిచాం’ అన్న ప్రతిచోటా గీత గీద్దాం. నా పాత నివేదిక కూడా తెచ్చాను. మొదట దాంతోనే మొదలుపెట్టండి.